జట్టంటే నోరు మూసుకోవడమేనా?

నాయకత్వం మీద క్లాసు పీకేవాళ్ళకి ఐస్ హాకీ అంటే మహా మోజు. హైటెక్ సిటీలో ప్రొజెక్టరు ముందు నిలబడే ట్రైనర్ దగ్గర్నుంచి, రిటైరయ్యాక కంపెనీలకి ఉపన్యాసాలిచ్చుకునే కెనడా మాజీ ఆటగాడి దాకా అందరి సంచిలోనూ ఒకే కథ. 1994 మే నెల. న్యూయార్క్ రేంజర్స్ సెమీఫైనల్ సిరీస్‌లో న్యూజెర్సీ డెవిల్స్ కంటే 3-2తో వెనకబడి ఉంది. ఇంకొక్కటి ఓడితే ఇంటికే. కెప్టెన్ మార్క్ మెసియే విలేకరుల ముందు నిలబడి ఆరో మ్యాచ్ గెలిచి తీరతామని మాటిచ్చాడు. మే 25 రాత్రి రెండు గోల్స్ వెనకబడ్డ జట్టుని పైకి లేపి, మూడో పీరియడ్‌లో ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. 4-2. ఆ ఊపులో రేంజర్స్ 54 ఏళ్ళ తర్వాత స్టాన్లీ కప్ గెలిచింది. స్లయిడు మారుతుంది. తెర మీద ఇంత లావు అక్షరాలతో 'బాధ్యత', 'నమ్మకం', 'జట్టు స్ఫూర్తి'. చప్పట్లు. టీ బ్రేక్.

కథలో అబద్ధం లేదు. ఆ మూడో పీరియడ్ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే ఈ పెద్దమనుషులు ఆ ఆట చరిత్రలో తమకి పనికొచ్చే ముక్క ఒక్కటి కోసుకుని మిగతాది పారేస్తున్నారు. ఆ పారేసిన భాగంలోనే అసలు సంగతి ఉంది. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీలో 'జట్టు' అన్న మాటని ఆటగాళ్ళు ఒకరికొకరు అండగా నిలబడటానికి వాడినదానికంటే, యజమానులూ మేనేజర్లూ కోచ్‌లూ వాళ్ళ నోళ్ళు కుట్టెయ్యడానికి వాడిందే ఎక్కువ. నిజంగా నాయకత్వం చూపించినవాళ్ళని ఆ ఆట తన్ని తరిమేసింది. తలూపి ఊరుకున్నవాళ్ళని నాయకులని పొగిడింది. ఈ మాట అన్నందుకు హాకీ భక్తులు నా మీద విరుచుకుపడితే పడనివ్వండి.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. మంచు మీద జరిగేది చూస్తే, మనుషులు కలిసి పనిచెయ్యడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే ఆట లేదు. గోలీ కాక ఐదుగురు. ఒక్కో విడతలో ఒక్కొక్కరు మంచు మీద ఉండేది ముప్పావు నిమిషం, మహా అయితే నిమిషం. మార్పిడి కోసం ఆట ఆగదు. ఆట నడుస్తుండగానే ఒకడు రొప్పుతూ బెంచీ వైపు వస్తాడు, ఇంకొకడు అడ్డుగోడ మీంచి దూకి దిగుతాడు. నేనే కొడతానని ఇంకో పది సెకన్లు ఎక్కువ ఉండిపోయినవాడి కాళ్ళు బరువెక్కుతాయి, అవతలివాడు గోల్ వేసేస్తాడు. వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్‌ని 2025 ఏప్రిల్‌లో ఒవెచ్కిన్ అనే ఆటగాడు దాటేశాడు. కానీ గ్రెట్జ్‌కీ తోటివాళ్ళ గోల్స్‌కి అందించిన పాసులు 1963. వాటి దరిదాపులకి కూడా ఎవరూ రాలేదు. ఆయన గోల్స్ అన్నీ కొట్టిపారేసి ఆ పాసులొక్కటే లెక్కేసినా, ఆ ఉత్తర అమెరికా లీగ్‌లో ఇంకే ఆటగాడి మొత్తం పాయింట్లూ అంతకి సరిపోవు.

2013 జూన్ 5, బోస్టన్. పిట్స్‌బర్గ్ ఆటగాడు మాల్కిన్ బలంగా కొట్టిన పక్‌కి బోస్టన్ ఆటగాడు గ్రెగరీ క్యాంప్‌బెల్ అడ్డంగా పడుకున్నాడు. కుడి కాలి ఎముక విరిగింది. పక్ ఇంకా తమ సగంలోనే తిరుగుతోంది. విజిల్ పడలేదు. పెనాల్టీ వల్ల అప్పటికే ఒకడు తక్కువ. క్యాంప్‌బెల్ లేచాడు. ఒంటికాలి మీద జారుతూ, కర్ర అడ్డంపెట్టి దారి మూస్తూ, ఇంచుమించు నిమిషంపాటు తన చోటు వదల్లేదు. పక్ బయటికి పోయాకే బెంచీకి చేరాడు. పేరున్న స్టార్ కాదు, నాలుగో వరస ఆటగాడు. ఇలాంటివాణ్ణి చూస్తే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నా కడుపు మండేది కూడా అందుకే. ఇంత ఇచ్చే మనుషులకి ఆ ఆట తిరిగి ఏమిచ్చింది?

టెడ్ లిండ్సే దగ్గరికి వెళ్దాం. ట్రైనర్ల స్లయిడుల్లో ఈ పేరు కనబడదు.

డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌లో గోర్డీ హౌ పక్కన ఆడిన పొట్టి మనిషి. 1950 నుంచి 1955 లోపు నాలుగు స్టాన్లీ కప్‌లు. 1952 నుంచి నాలుగు సీజన్లు కెప్టెన్. ఇవాళ గెలిచిన జట్టు కప్పు ఎత్తుకుని రింకు చుట్టూ తిరుగుతుంది చూడండి, ఆ ఆనవాయితీకి ఆద్యుడిగా చెప్పుకునేది ఈయన్నే. 1950లో కప్పుని ప్రేక్షకులు దగ్గర్నుంచి చూడాలని బల్ల మీంచి తీసి గోడ వెంబడి తిప్పాడు. కప్పు అభిమానులదీ అనుకున్న మనిషికి, తమ పెన్షన్ డబ్బు తమదే అన్న అనుమానం రావడంలో వింతేముంది? ఆటగాళ్ళ జీతాల్లోంచి కోసి పెన్షన్ నిధిలో వేస్తున్నారు. ఆ నిధి పాలకవర్గంలో లిండ్సే, మాంట్రియల్ ఆటగాడు డగ్ హార్వీ సభ్యులు. లెక్కలు చూపించమంటే యజమానులు చూపించలేదు.

అప్పుడు లిండ్సే చేసిన పని ఉంది చూశారూ, హాకీ చరిత్రలో అంతకంటే పెద్ద కెప్టెన్ పని నాకు కనబడలేదు. అప్పట్లో లీగ్‌లో ఆరే జట్లు. ఆరింటి ఆటగాళ్ళూ ఒకరినొకరు పళ్ళు రాలగొట్టుకునే రకం. వేరే జట్టువాడితో మాట్లాడటమే నేరమన్నట్టు పెంచారు వాళ్ళని. మంచు మీద తను కర్రతో బాదినవాళ్ళ దగ్గరికే లిండ్సే వెళ్ళి మాట్లాడాడు. ఒకే బల్ల దగ్గర కూచోబెట్టాడు. 1957 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆటగాళ్ళ సంఘం ప్రకటించాడు. ఆయన కోరినవి ఆకాశంలో చుక్కలేమీ కావు. పెన్షన్ లెక్క, కనీస జీతం, దెబ్బ తగిలినవాడికి భద్రత.

ఆ సీజన్‌లో ఆయన 30 గోల్స్, 55 పాసులు, మొత్తం 85 పాయింట్లు సాధించాడు. కెరీర్ మొత్తంలో అదే ఉత్తమం. ఆ సీజన్ ముగిసిన వేసవిలోనే డెట్రాయిట్ మేనేజరు జాక్ ఆడమ్స్ ఆయన్ని అప్పట్లో అట్టడుగున ఉన్న షికాగోకి అమ్మేశాడు. గోలీ గ్లెన్ హాల్‌నీ తోడు పంపాడు. టొరంటోకి కెప్టెన్‌గా చేసిన జిమ్మీ థామ్సన్ కూడా సంఘంలో చేరాడు, ఆయన్నీ షికాగోకే గెంటేశారు. జట్టుకి అన్నిటికంటే ఎక్కువ ఇచ్చిన ఏడాదే 'జట్టు కోసం' అమ్ముడుపోయాడు లిండ్సే. ఏ నాయకత్వ పాఠంలో ఉంది ఇది? ఏ స్లయిడులో పెడతారు?

తర్వాత జరిగింది ఇంకా చేదు. 1957 నవంబరులో సంఘం నుంచి తప్పుకున్నది లిండ్సే పాత జట్టే. ఆయనతో ఒకే బెంచీ మీద కూచున్నవాళ్ళే. గోర్డీ హౌ అప్పుడు లిండ్సే పక్కన నిలబడలేదు. ఆటలో అంతటివాడు లేడని లోకం కొలిచిన హౌకి, 1968లో కొత్తగా డెట్రాయిట్ వచ్చిన బాబ్ బాన్ చెప్పేదాకా తెలియని సంగతి ఒకటుంది. సొంత జట్టులోనే తనకంటే ఎక్కువ జీతం తీసుకుంటున్నవాళ్ళు ఉన్నారని! పదేళ్ళు ఆలస్యంగా తెలిసింది, లిండ్సే ఎందుకు అరిచాడో. హౌని ఈసడించడం నా ఉద్దేశం కాదు. ఆయన మంచివాడు, చెప్పినట్టు వినేవాడు. చెప్పినట్టు వినే మంచివాళ్ళ వల్లే యజమానుల పని అంత సులువైంది.

లిండ్సే మాత్రం మారలేదు. 1966లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరుస్తూ విందు పెట్టారు. మగవాళ్ళకి మాత్రమే అన్నారు. భార్యాపిల్లలు రాకూడని విందుకి నేనూ రానని ఎగ్గొట్టాడు. మరుసటేడు ఆ నియమం ఎత్తేశారు. డెట్రాయిట్ 1991లో ఆయన 7వ నంబరు జెర్సీకి రిటైర్మెంటు ఇచ్చి స్టేడియంలో వేలాడదీసింది. ఆటగాళ్ళు తమలో ఉత్తముణ్ణి తామే ఎన్నుకుని ఇచ్చే అవార్డుకి 2010లో ఆయన పేరు పెట్టారు. 2019లో 93 ఏళ్ళకి పోయాడు. బతికున్నప్పుడు తరిమి, ముసలితనంలో దండేసి, ఆ దండ ఫోటోని మాత్రం ప్రచారానికి వాడుకోవడం మనకి కొత్తేం కాదు.

1967లో ఎట్టకేలకి సంఘం వచ్చింది. దాని పగ్గాలు పట్టిన ఆలన్ ఈగల్‌సన్ ఏళ్ళ తరబడి ఆటగాళ్ళ సొమ్ముతో ఆడుకుని 1998లో మోసం నేరం ఒప్పుకుని జైలుకి పోయాడు. కంచే చేను మేసింది. ఆ కంచె యజమానుల పక్కనే ఉందని వేరే చెప్పాలా?

ఇప్పుడు ఇంకో రకం జట్టు మనిషి సంగతి. ఆ ఆటలో కొట్లాడటానికే జీతమిచ్చి పెట్టుకునే ఆటగాడుండేవాడు. గోల్స్ కొట్టడం అతని పని కాదు. తమ స్టార్ ఆటగాడిని అవతలివాడు గుద్దితే, చేతి తొడుగులు విసిరేసి వాడి మొహం పగలగొట్టడమే అతని పని. తోటివాళ్ళు అతన్ని ఎంతో ప్రేమిస్తారు. కోచ్‌లు అతన్ని త్యాగానికి ఉదాహరణగా చూపిస్తారు. డెరెక్ బూగార్డ్ అలాంటివాడు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. మిన్నెసోటా వైల్డ్‌కీ తర్వాత న్యూయార్క్ రేంజర్స్‌కీ 277 మ్యాచ్‌లాడి కొట్టిన గోల్స్ మూడంటే మూడు. పెనాల్టీ పెట్టెలో కూచున్నది 589 నిమిషాలు. విరిగిన వేళ్ళు, వీపు నొప్పి, తలకి దెబ్బ మీద దెబ్బ, నొప్పి మాత్రలు, ఆ మాత్రలకి బానిసత్వం. 2010 డిసెంబరులో చివరి కొట్లాట. 2011 మే 13న పోయాడు, మాత్రలూ మద్యమూ కలిసి. వయసు 28. మెదడు కోసి చూస్తే, దెబ్బల మీద దెబ్బలు తిన్న బాక్సర్లలో కనబడే క్షీణత ఆ వయసుకే బాగా ముదిరి ఉంది. ఆ ఒక్క వేసవిలోనే అలాంటి పని చేసిన ఆటగాళ్ళు ముగ్గురు పోయారు.

లీగ్ ఏమంది? తలదెబ్బలకీ ఆ జబ్బుకీ సంబంధం ఉందని సైన్సు ఇంకా తేల్చలేదంది. కమిషనర్ గ్యారీ బెట్‌మన్ ఏళ్ళ తరబడి అదే పాట. ఏరు దాటాక తెప్ప తగలేశారనుకుంటే పొరపాటు. వీళ్ళు ఏరు దాటుతుండగానే తగలబెట్టారు. ఆ తెప్ప కూడా నవ్వుతూ కాలింది, జట్టు కోసమేగా అనుకుని.

ఇక షికాగో. ఇది రాయాలంటేనే ఒళ్ళు మండుతుంది.

2010 మే 23. షికాగో బ్లాక్‌హాక్స్ శాన్ హోసేని ఓడించి స్టాన్లీ కప్ ఫైనల్‌కి చేరింది. అదే రోజు జట్టు పెద్దలు ఒక గదిలో కూచున్నారు. జట్టు వీడియో కోచ్ బ్రాడ్ ఆల్డ్రిచ్ ఒక యువ ఆటగాడి మీద లైంగిక దాడి చేశాడన్న ఆరోపణ వాళ్ళ ముందుకొచ్చింది. ఆ ఆటగాడు, ప్లేఆఫ్స్ సమయంలో ప్రాక్టీసు కోసం కింది లీగ్ నుంచి పిలిపించిన 20 ఏళ్ళ కుర్రాడు. ఇంతదాకా రావడమే కష్టమైంది, ఇప్పుడీ గొడవ పెట్టుకోలేమన్న ధోరణిలో హెడ్ కోచ్ జోయెల్ క్వెన్‌విల్ మాట్లాడాడని జనరల్ మేనేజర్ స్టాన్ బౌమన్ గుర్తుచేసుకున్నట్టు తర్వాతి విచారణ నివేదికలో ఉంది. మూడు వారాలపాటు ఎవరూ ఏమీ చెయ్యలేదు. కప్పు గెలిచారు. ఊరేగింపు జరిగింది. ఆ వీడియో కోచ్ సంబరాల్లో ఉన్నాడు, కప్పుతో ఫోటోలు దిగాడు. ఆ తర్వాతే నీ అంతట నువ్వు వెళ్తావా, విచారణ పెట్టమంటావా అని అడిగి సాగనంపారు. వెండి కప్పు మీద అతని పేరు చెక్కారు. అతను మిషిగన్‌లో వేరే ఊళ్ళో ఒక హైస్కూల్ హాకీ జట్టుకి చేరువయ్యాడు. 2013లో అక్కడి ఒక విద్యార్థి మీద లైంగిక నేరానికి శిక్ష పడింది.

లెక్క కట్టండి. ఆ రోజు ఆ గదిలో ఒక్కడంటే ఒక్కడు లేచి 'ఫైనల్ పోతే పోయింది, పోలీసుల్ని పిలవండి' అని ఉంటే మిషిగన్‌లో ఆ పిల్లవాడు బయటపడి ఉండేవాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఎవరినడిగినా వివరాలు తెలియవన్నారు. పైవాళ్ళు చూసుకుంటారనుకున్నామన్నారు. కెప్టెన్ జొనాథన్ టేవ్స్ తనకి తర్వాతి సీజన్ శిబిరం మొదలయ్యేదాకా తెలియదన్నాడు. తెలియకపోయి ఉండొచ్చు, కాదనను. కానీ 2021లో నివేదిక బయటికొచ్చినప్పుడు అదే టేవ్స్ విలేకరుల ముందు ఆ మేనేజర్లు మంచివాళ్ళని వెనకేసుకొచ్చాడు. ఛాతీ మీద కెప్టెన్ 'సి' అక్షరం ఉన్నవాడికి రూల్‌బుక్ ఇచ్చే ప్రత్యేక హక్కు ఏమిటో తెలుసా? రిఫరీ దగ్గరికెళ్ళి మాట్లాడటం. ఆ హక్కు జట్టు లోపల జరిగే అన్యాయం దగ్గర ఎందుకు మూగబోతుంది?

ఆ కుర్రాడు కైల్ బీచ్. పదకొండేళ్ళు మోశాడు. 2021 అక్టోబరు 27న టీవీలో తన పేరు తనే చెప్పుకుని, కన్నీళ్ళు పెట్టుకుని, మిషిగన్ పిల్లవాడికి క్షమాపణ చెప్పాడు. చెప్పాల్సినవాళ్ళందరూ ఊరుకుంటే, చెప్పక్కర్లేనివాడు చెప్పాడు! తోటి ఆటగాళ్ళు కొందరు అప్పట్లో ఆ సంగతి తెలిసి డ్రెస్సింగ్ రూమ్‌లో తనని వెటకారం చేసేవాళ్ళని కూడా చెప్పాడు. అదే డ్రెస్సింగ్ రూమ్. ఉపన్యాసాల్లో దేవాలయం అంటారు కదా, అది.

లీగ్ షికాగోకి 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. సరిగ్గా ఆ 2010లోనే, ఒక ఆటగాడి కాంట్రాక్టుని జీతాల పరిమితి తప్పించుకునేలా రాశారని న్యూజెర్సీ డెవిల్స్‌కి మొదట వేసిన జరిమానా 30 లక్షలు. పైగా డ్రాఫ్ట్ అవకాశాలు కూడా లాక్కున్నారు. లెడ్జరులో తప్పు రాస్తే ముప్ఫై, కుర్రాణ్ణి బలిచ్చి దాచిపెడితే ఇరవై. కప్పు మీద ఆల్డ్రిచ్ పేరుని తర్వాత ఇంటూ మార్కులతో కొట్టేశారు. క్వెన్‌విల్, బౌమన్ పదవులొదిలి వెళ్ళారు. 2024 జూలైలో లీగ్ ఇద్దరికీ తలుపు తీసింది. అదే నెల్లో బౌమన్ ఎడ్మంటన్ జనరల్ మేనేజరయ్యాడు. మరుసటేడు క్వెన్‌విల్ అనహైమ్ కోచ్. లిండ్సేకి తప్పు చెయ్యకుండానే శిక్ష పడింది. వీళ్ళకి మూడేళ్ళలో క్షమాభిక్ష దొరికింది.

'ఇలా అందరూ నోరు తెరిస్తే జట్టు నడుస్తుందా? క్రమశిక్షణ లేకుండా కప్పులొస్తాయా?' అని అడిగేవాళ్ళుంటారు. ఆఫీసుల్లోనూ ఇదే మాట వింటాం. సమస్య చెప్పినవాడే సమస్య. టీమ్ ప్లేయర్ కాదన్న ముద్ర పడిందంటే ఆ ఏడాది హైకు గోవిందా. ఈ వాదనని ఐస్ హాకీ కోచ్‌లు ఎంత దూరం తీసుకెళ్ళారో చూడండి. టొరంటో కోచ్‌గా మైక్ బాబ్‌కాక్ కొత్తగా వచ్చిన మిచ్ మార్నర్‌ని పిలిచి, ఎవరు ఎంత కష్టపడుతున్నారో తోటివాళ్ళని వరసలో పెట్టి రాయమన్నాడు. భయపడుతూనే కుర్రాడు రాశాడు. అడుగున ఉన్నవాళ్ళకి ఆ జాబితా సంగతి బాబ్‌కాకే చెప్పాడు. జట్టు కట్టడం అట, దీని పేరు! 2023లో కొలంబస్ జట్టు అతన్ని మళ్ళీ నెత్తినెక్కించుకుంది. అక్కడ ఆటగాళ్ళని ఫోన్లలో ఫోటోలు చూపించమన్నాడు. మనిషిని అర్థం చేసుకోవడానికట. కెప్టెన్ బూన్ జెన్నర్ మొదట అబ్బే, చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నారంటూ ప్రకటన ఇచ్చాడు. ఆటగాళ్ళ సంఘం వచ్చి కుర్ర ఆటగాళ్ళని విడివిడిగా కూచోబెట్టి అడిగితే కథ వేరుగా వినిపించింది. ఒక్క మ్యాచ్ ఆడించకుండానే బాబ్‌కాక్ వెళ్ళిపోయాడు. 1957లో లిండ్సే కట్టబోయిన సంఘం ఇలాంటిదే. కుర్రాడు కోచ్‌కి భయపడకుండా మాట్లాడటానికి జట్టు బయట ఒక చోటు.

మన ఊళ్ళకి దూరమైన గొడవ అనుకోకండి. డల్లాస్ స్టార్స్ జట్టు కార్యాలయమూ ప్రాక్టీసు రింకూ ఉన్నది ఫ్రిస్కోలో. మనవాళ్ళు వీధులకి వీధులు ఇళ్ళు కొనుక్కున్న ఊరు. టొరంటో చుట్టుపక్కలా అంతే. పిల్లవాణ్ణి రింకు దగ్గర దింపుతూ 'కోచ్ ఏం చెబితే అది చెయ్యి నాన్నా' అని పంపించే తల్లిదండ్రులకి ఒక్కటే మనవి. షెల్డన్ కెనడీ పేరు వెతికి చదవండి. స్విఫ్ట్ కరెంట్ అనే చిన్న ఊళ్ళో జూనియర్ జట్టుకి ఆడిన కుర్రాడు. అందరూ గౌరవించే కోచ్ గ్రహమ్ జేమ్స్ ఏళ్ళ తరబడి తన మీద చేసిన లైంగిక దాడుల్ని, పెద్ద లీగ్‌లో ఆటగాడయ్యాక గాని బయటపెట్టలేకపోయాడు. 1997లో జేమ్స్ నేరం ఒప్పుకున్నాడు. ఆ జూనియర్ లీగ్‌లలో పదహారేళ్ళ పిల్లలు ఇల్లొదిలి పరాయి ఊళ్ళో పరాయి ఇంట్లో ఉండి ఆడతారు. వాళ్ళ భవిష్యత్తంతా కోచ్ చేతిలో. నోరెత్తితే జట్టులో చోటు పోతుంది. అందుకే రింకు దగ్గర ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. మా పిల్లాడు కోచ్ మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలి? జవాబు తడబడితే పిల్లాణ్ణి వెనక్కి తీసుకొచ్చెయ్యండి. స్కేట్ల డబ్బు పోతే పోయింది.

ఇంతకీ కలిసి నిలబడటం ఎలా ఉంటుందో చూడాలనుంటే 2017 మార్చికి రండి. అమెరికా మహిళల జట్టు, మిషిగన్‌లోని ప్లిమత్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. సొంతగడ్డ, సొంత జనం. కెప్టెన్ మెగన్ డగ్గన్. ఆ జట్టుకి అమెరికా హాకీ సమాఖ్య ఇచ్చేది ఒలింపిక్స్ ఏడాదిలో ఆరు నెలలకి నెలకి 1000 డాలర్లు. మిగతా ఏళ్ళు నువ్వు బతికావో చచ్చావో వాళ్ళకక్కర్లేదు. టోర్నీకి రెండు వారాల ముందు డగ్గన్ జట్టు మొత్తంగా ప్రకటించింది. మా సంగతి తేల్చండి, లేకపోతే ఆడం.

సమాఖ్య ఏం చేసింది? ప్రత్యామ్నాయ ఆటగాళ్ళ కోసం ఫోన్లు మొదలుపెట్టింది. కాలేజీ పిల్లలకి చేసింది, జూనియర్లకి చేసింది, వారాంతం సరదాకి ఆడుకునే ఆడవాళ్ళకి కూడా చేసింది. ఒక్కసారి అలా ఫోన్ వచ్చిన ఒక అమ్మాయి స్థానంలో ఉండి ఆలోచించండి. పదిహేడేళ్ళు. చిన్నప్పట్నుంచి గదిలో గోడకి ఆ జట్టు పోస్టరే. ఫోన్ మోగుతుంది. అమెరికా జెర్సీ వేసుకుంటావా అని అవతలి గొంతు. ఆ అవకాశం జన్మలో మళ్ళీ రాకపోవచ్చు. వద్దండి అని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఒక్కరు కాదు, వరసపెట్టి వద్దన్నారు. జట్టు అంటే నాకు ఆ ఫోన్ పెట్టేసిన పిల్లలు. వాళ్ళు ఆ రోజుకి జట్టులో కూడా లేరు!

మార్చి 28న సమాఖ్య దిగొచ్చింది. ఏడాది పొడుగునా జీతం, ప్రయాణంలోనూ బీమాలోనూ మగవాళ్ళతో సమానం. మూడు రోజుల్లో టోర్నీ మొదలు. సరైన ప్రాక్టీసు లేదు, మనసంతా గొడవల్లో. 'ఐక్యత దెబ్బతింటుంది' అనే పెద్దమనుషుల లెక్క ప్రకారం ఓడిపోవాలి. ఏప్రిల్ 7న ఫైనల్లో కెనడా మీద ఓవర్‌టైమ్‌లో హిల్లరీ నైట్ గోల్ వేసింది. 3-2. బంగారం. మరుసటేడు ప్యాంగ్‌ఛాంగ్ ఒలింపిక్స్‌లో డగ్గన్ కెప్టెన్సీలోనే మళ్ళీ బంగారం.

అక్కడితో ఆగలేదు. 2019లో కెనడా మహిళల లీగ్ మూతపడ్డాక 200 మందికి పైగా ఆటగాళ్ళు, బతకడానికి సరిపోయే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ ప్రొఫెషనల్ లీగ్‌లోనూ ఆడమని కూచున్నారు. రింకులు అద్దెకి తీసుకుని ప్రదర్శన మ్యాచ్‌లాడుకున్నారు. వయసు మీద పడుతున్నవాళ్ళకి ఒక సీజన్ పోవడమంటే ఏమిటో ఆటగాళ్ళని అడగండి. కొందరి కెరీర్‌లు ఆ ఎదురుచూపులోనే అయిపోయాయి. నాలుగేళ్ళకి కొత్త లీగ్ వచ్చింది. అదీ మచ్చలేనిదని అనను. దాని కోసం అప్పటికే నడుస్తున్న ఇంకో మహిళల లీగ్‌ని కొని మూసేస్తే అక్కడ కాంట్రాక్టులున్న ఆటగాళ్ళు కొందరు రోడ్డున పడ్డారు. కొత్తదాంట్లో కనీస జీతం మొదట 35 వేల డాలర్లు. అదే సమయంలో మగవాళ్ళ లీగ్‌లో 7 లక్షల 75 వేలు. సిగ్గుపడాల్సిన అంకె.

అయినా ఒక పని మాత్రం వాళ్ళు లిండ్సే కలగన్నట్టు చేశారు. మంచు మీద పక్ పడకముందే సామూహిక ఒప్పందం రాయించుకున్నారు. గర్భం దాల్చిన ఆటగత్తె జీతం ఆగకూడదన్న షరతుతో సహా. బేరమాడినవాళ్ళలో ఒకరు కెండల్ కోయిన్ స్కోఫీల్డ్. అప్పుడామె నిండు గర్భిణి. 2023 జూలై 1న కొడుకు పుట్టాడు, ఆ రోజుల్లోనే ఆటగాళ్ళు ఆ ఒప్పందానికి ఓటేశారు. 2024 జనవరి 1న టొరంటోలో తొలి మ్యాచ్ మొదలయ్యేసరికి ఆ లీగ్‌లో జట్లకి పేర్లు కూడా లేవు, జెర్సీల మీద ఊరి పేరు తప్ప. 2031 దాకా చెల్లే ఒప్పందం మాత్రం ఉంది. ఆ సీజన్ చివర మిన్నెసోటా గెలిచింది. కెప్టెన్‌గా కప్పు ముందుగా ఎత్తింది కోయిన్ స్కోఫీల్డే. కప్పుకి మళ్ళీ యజమాని ఇంటిపేరే పెట్టారనుకోండి, దాని సంగతి ఇంకోసారి తేల్చుకుందాం.